గడి వెనక అక్షరం

కంటికి కనిపించనిది లేనట్టేనా? ఈ ప్రశ్న వేదాంతుల కోసం పుట్టిందనుకుంటాం గాని, నిజానికి ఇది వంటింటి ప్రశ్న. సాంబారులో ఇంగువ కనిపించదు. వెయ్యడం మరిచిపోతే మాత్రం మొదటి ముద్దకే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. రాత్రి పాలలో వేసిన తోడు పొద్దున్నకి ఎంత వెతికినా కనిపించదు, పెరుగే కనిపిస్తుంది. ఇంత తెలిసినవాళ్ళం గదా, అయినా "ఉందా, లేదా" అన్న తగువు వచ్చేసరికి కంటినే సాక్ష్యానికి పిలుస్తాం. కన్ను "నేను చూడలేదు" అనగానే, "అయితే లేదు" అని తీర్పు చెప్పేస్తాం.

ఈ మధ్య ఈ తగువు కంప్యూటరు తెర మీద చూశాను. కంప్యూటరు అనగానే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో మన అక్షరాల సంగతి ఉంది, కాస్త మన సంగతీ ఉంది.

మా మేనకోడలు బడిపిల్లలకు ప్రోగ్రాములు వ్రాయడం నేర్పుతుంది. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు గనుక పాఠాలన్నీ తెలుగులోనే తయారుచేస్తుంది. ప్రోగ్రాములో ఆజ్ఞలు ఇంగ్లీషులో ఉంటాయి. వాటి పక్కన, ఈ పని ఎందుకు చేస్తున్నామో చెప్పే చిన్న చిన్న మాటలుంటాయి. వాటిని కామెంట్లంటారు. యంత్రం వాటిని చదవదు, దాటుకుని పోతుంది. అవి కేవలం తరువాత చదవబోయే మనిషి కోసం. "ఇక్కడ పిల్లవాడి వయసు అడుగుతున్నాం", "తప్పు అంకె వేస్తే మళ్ళీ అడగాలి", ఇలాంటివన్నమాట. 2008లో వచ్చిన పైథాన్ మూడో కూర్పు నుంచి ప్రోగ్రాములో మనం పెట్టుకునే పేర్లు కూడా తెలుగులో ఉండవచ్చు. "వయసు = 12" అని వ్రాస్తే అది మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది.

పాఠం తెర మీద ముచ్చటగా ఉంది. పిల్లలకు పంచడానికి వీలుగా దాన్ని పీడీఎఫ్‌గా మార్చింది. ఇంగ్లీషు ఆజ్ఞలన్నీ ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి. తెలుగు ఉండవలసిన చోటల్లా ఖాళీ గళ్ళు! వరసగా, బుద్ధిగా, పెట్టెలు పేర్చినట్టు.

"చూడు అత్తయ్యా, యంత్రం కోసం వ్రాసినవన్నీ ఉన్నాయి. మనుషుల కోసం వ్రాసినవే పోయాయి" అంది.

ఆమెతో పనిచేసే ఒకాయన వెంటనే సలహా చెప్పాడట. "ఆ తెలుగు తీసేసి అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసెయ్యండి. గొడవ వదిలిపోతుంది" అని. ఆ సలహాలో దురుద్దేశం ఏమీ లేదు. తెల్లవారితే క్లాసు, చేతికి పాఠం కావాలి. అయినా ఆ "గొడవ" అన్న మాట నాకు గొంతులో ముల్లులా అడ్డం పడింది. గొడవ ఎవరిది? అక్షరాలు తమ మానాన తాము కూర్చున్నాయి. చూపించవలసినవాడు చూపించలేకపోయాడు. కనిపించనివాళ్ళదే తప్పని వాళ్ళనే బయటికి పంపించడం న్యాయమా?

న్యాయం చెప్పాలంటే ముందు జరిగిందేమిటో తెలియాలి. మా పిల్ల ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను.

యంత్రానికి అక్షరాలు రావు, అంకెలే వచ్చు. కాబట్టి ప్రపంచంలోని లిపులన్నిటికీ, అక్షరానికో అంకె చొప్పున కేటాయించే ఏర్పాటొకటి చేసుకున్నారు. దాని పేరు యూనికోడ్. 1991లో మొదటి కూర్పు వచ్చినప్పుడే అందులో తెలుగుకి చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 గదులు మనవి. 'అ' ఉండేది 3077లో, 'క' ఉండేది 3093లో. ఎవరికీ పట్టకుండా మూలబడిన నకారపొల్లుకి సైతం 2021లో ఒక గది ఇచ్చారు. కనుక తెలుగుకి కంప్యూటరులో చోటు లేదనడం అబద్ధం.

అయితే అంకె ఉండడం వేరు, ఆకారం ఉండడం వేరు. రేషను కార్డులో పేరుండడం వేరు, దుకాణంలో ఆవేళ బియ్యం ఉండడం వేరు గదా, ఇదీ అంతే. అంకె చూసి ఆకారం తీసి ఇచ్చేది ఫాంటు. ఫాంటులో ఆ ఆకారం లేకపోతే దాని బదులు ఒక ఖాళీ గడి పెడుతుంది. ఈ గడికి కంప్యూటరువాళ్ళు పెట్టిన ముద్దుపేరు టోఫు. సోయా పాలతో చేసే జున్నులాంటి పదార్థం అది, తెల్లటి నలుచదరపు ముక్కలుగా ఉంటుంది. ఈ టోఫు ఎక్కడా కనిపించకూడదన్న పట్టుదలతో గూగుల్ సంస్థ తయారుచేయించిన ఫాంట్ల కుటుంబానికి 'నోటో' అని పేరు. 'నో టోఫు' అన్న రెండు మాటల్నీ కుదిస్తే వచ్చిన పేరది. అందులో తెలుగు కూడా ఉంది, ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు.

అంటే, గడి వెనక అక్షరం అలాగే ఉందన్నమాట. ఇది తెలిశాక నాకు ఆ గడి మీద కోపం పోయి గౌరవం కలిగింది. అది అబద్ధమాడలేదు. "ఇక్కడ ఒకరున్నారు. వారిని చూపించే శక్తి నాకు లేదు" అని ఒప్పుకుంది. మనుషుల్లో ఇంత నిజాయితీ ఎందరికుంటుంది చెప్పండి!

నిజాయితీ లేని పద్ధతులు వేరే ఉన్నాయి. ఒక్కొక్కప్పుడు తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. చూడడానికి గడికీ దీనికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది గాని, తేడా భూమ్యాకాశాలంత. 1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టిక ఒకటి చేశారు. దానిలో మొత్తం స్థానాలు 128. అవి ఇంగ్లీషు అక్షరాలకూ, అంకెలకూ, గుర్తులకూ, యంత్రానికిచ్చే ఆనతులకూ సరిపోయాయి. తమ మంచాలు పట్టేటట్టు ఎవరో ఇల్లు కట్టుకుంటే తరువాత అదే ఊరందరికీ సత్రమైనట్టు, ఆ పట్టిక ప్రపంచమంతా వ్యాపించింది. ఇప్పటికీ కొన్ని పాత పనిముట్లు అందులో లేని అక్షరం వస్తే దాని అంకెను చెరిపేసి అక్కడ ప్రశ్నార్థకం వేసి దాచేస్తాయి. ఇక ఏ ఫాంటు తెచ్చినా ఆ అక్షరం తిరిగి రాదు. పేరు చెప్పిన మనిషి ఎదురుగా ఉన్నా పుస్తకంలో "ఎవరో ఒకరు" అని వ్రాసుకోవడం వంటిది ఇది.

మరొకటుంది. తల మీద చిన్న గీతలున్న ఇంగ్లీషు 'ఏ'లూ, సున్నాలూ, పిచ్చి గుర్తులూ బారులు తీరి కనిపించడం. చూస్తే గుండె జారిపోతుంది. కాని అది అంత ప్రమాదం కాదు. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తూ మూడేసి చిన్న తునకలుగా దాస్తారు. చదివే యంత్రం ఆ సంగతి తెలియక తునక తునకకీ ఒక అక్షరం పెట్టి చదువుతుంది. తెలుగు ఉత్తరాన్ని తమిళమనుకుని చదివేవాడి అవస్థ! ఉత్తరం మాత్రం చెక్కుచెదరలేదు. సరిగా చదవమంటే మళ్ళీ తెలుగైపోతుంది.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది ఖాళీ. కొన్ని ఫాంట్లు లేని అక్షరానికి గడి కూడా పెట్టవు, తెల్లగా వదిలేస్తాయి. అక్కడ ఏదో ఉండేదన్న గుర్తే ఉండదు. పీడీఎఫ్ తయారుచేసే పనిముట్లలో కొన్ని, ఫలానా అక్షరం దొరకలేదని లోపల ఏదో చిట్టాలో మూలగా వ్రాసుకుంటాయి, పైకి మాత్రం పని పూర్తయిందని చెబుతాయి. చెప్పవలసినవాళ్ళకు చెప్పకుండా చిట్టాలో వ్రాసుకోవడం నిజం చెప్పినట్టవుతుందా? మన లోకంలో కూడా ఈ పద్ధతి బాగా చెల్లుబాటు అవుతూనే ఉంది లెండి.

ఇక్కడొక చిన్న పక్కదారి. 2011 జనాభా లెక్కల్లో, కేవలం ఇంటిపని చేసుకునే స్త్రీ "పని చేయనివారి" పద్దులోకి వెళ్ళింది. లెక్క వ్రాయవచ్చినవారు చెడ్డవారు కారు. వారి పట్టికలో ఆ పనికి 'పని' అన్న గది లేదు, అంతే. 2019లో జాతీయ గణాంక కార్యాలయంవారు మరో రకం పట్టిక పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. రోజులో ఏ పని ఎన్ని నిమిషాలు చేశారని అడిగారు. ఇంట్లోవాళ్ళ కోసం జీతంలేని చాకిరీ చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పనుల్లో చెయ్యి వేసే పురుషులకది 97 నిమిషాలు. అంటే సుమారు ఐదు గంటలు! ఆ ఐదు గంటలూ 2019లో కొత్తగా పుట్టుకురాలేదు గదా. మన అమ్మమ్మల నాడూ ఉన్నవే. వాటికి ఆకారం ఇచ్చే ఫాంటు అప్పటికి వచ్చింది.

అందుకే "కనిపించలేదు గనుక తీసెయ్యి" అన్న సలహా నాకు మింగుడుపడదు. 'లక్ష్మి' అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని విధాల వ్రాస్తారో మన ఇళ్ళలోని శుభలేఖలు చూస్తే తెలుస్తుంది. 'పాలు' అన్నదీ 'పళ్ళు' అన్నదీ ఆ అక్షరాల్లో చదవబోయే పిల్లవాడు ముందు మాటను పోల్చుకోవాలి, తరువాత పాఠం పోల్చుకోవాలి. వాడికి రెండు కష్టాలు పెట్టి మనం ఒక కష్టం తప్పించుకున్నట్టవుతుంది. నిజమే, ఒక్క రాత్రికి, ఒక్క పాఠానికి, అవసరం తీరడానికి అలా చేస్తే ఆకాశం విరిగి పడదు. కాని సర్దుబాటుకి ఒక గుణముంది. మొదటిరోజు అది అతిథి, వారం తిరిగేసరికి ఇంటి యజమాని. "తెలుగు ఇందులో రాదు" అన్న మాట ఒకసారి బడిలో స్థిరపడితే, వచ్చే రోజు వచ్చినా ఎవరూ ప్రయత్నించరు.

సరే, తీసెయ్యకూడదు. మరి కనిపించేటట్టు చేసే బాధ్యత ఎవరిది? ఇక్కడే పీడీఎఫ్ కథ వినదగ్గది.

అడోబీ సంస్థ 1993లో దీన్ని లోకానికి తెచ్చినప్పుడు చెప్పిన ఉద్దేశం, కాగితం ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించాలని. అందరి ఇళ్ళలోనూ ఉంటాయన్న ధీమాతో ఓ 14 ఫాంట్లు మాత్రం వెంట పంపనక్కర్లేదన్నారు. ఆ పద్నాలుగింటిలో తెలుగు లేదు. కాబట్టి తెలుగు కాగితం పంపేవాళ్ళు ఫాంటును కూడా ఆ కాగితంలోనే పొదిగి పంపాలి. కాపురానికి వెళ్ళే పిల్లకు "అక్కడ దొరుకుతుందిలే" అనుకోకుండా ఆవకాయ జాడీ, కందిపొడి సీసా కట్టి ఇస్తామే, అలాగ. పైగా జాడీలన్నీ మొయ్యనక్కర్లేదు. ఆ కాగితంలో ఏ ఆకారాలు వాడామో వాటినే ఏరి పొదగవచ్చు, బరువు పెరగదు. నా మాట ఎదుటివాడికి కనిపిస్తుందో లేదో చూసుకోవడం నా మర్యాదలో భాగం. వాడి ఇంట్లో నా అక్షరాలు లేకపోవడం వాడి నేరం కాదు.

మా పిల్ల మొదట ఆ పనే చేసింది. పాండాక్ అనే సాధనం వాడుతుంది తను. అది పీడీఎఫ్ కోసం మామూలుగా పిలిచే పాత ఇంజనుకు తెలుగు రాదు. అందుకని 2004లో జొనాథన్ క్యూ అనే ఆయన తయారుచేసిన జీటెక్ దారి పట్టింది. ప్రధానమైన ఫాంటుగా తెలుగుది చూపించింది. పాఠంలోని మామూలు వాక్యాలన్నీ కళకళలాడుతూ వచ్చాయి. కాని ప్రోగ్రాము పక్కనున్న కామెంట్లు మళ్ళీ గళ్ళే! విచారిస్తే తేలిందేమిటంటే, ప్రోగ్రాము భాగాన్ని వేరే ఫాంటులో కూర్చుతారు. దానికీ విడిగా చెప్పాలి. పెళ్ళివారందరికీ విస్తళ్ళు వేసి, వంట చేసినవాళ్ళు తిన్నారో లేదో చూడకపోవడం లాంటిదన్నమాట.

ఆ వేరే ఫాంటు సంగతి ఇంకా చిత్రం. అందులో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. ఇంగ్లీషు అక్షరాల్లో సన్నటిదైనా లావుదైనా ఒకే కొలత కుర్చీలో కూర్చోవాలి. ప్రోగ్రాము వరసలు తిన్నగా ఉండడానికి ఆ ఏర్పాటు. మరి మన 'స్త్రీ'ని ఆ కుర్చీలో ఎలా కూర్చోబెడతారు? కంటికి ఒక్క అక్షరం. యంత్రం లోపల మాత్రం ఆరు అంకెలు: 'స', ఒక పొల్లు, 'త', మరో పొల్లు, 'ర', చివర గుడిదీర్ఘం. ఆరింటినీ కలిపి ఒక్కటిగా అల్లడం తెలిసిన పనిముట్టయితేనే 'స్త్రీ' వస్తుంది. తెలియనిదయితే 'స్ త్ రీ' అని ఎముకలు విడదీసి పరుస్తుంది. ఫాంటు ఉంది, ఆకారాలు ఉన్నాయి, అయినా మనిషి లేదు! అందరికీ ఒకే కొలత కుర్చీ వెయ్యడమే సమానత్వమని వాదించేవాళ్ళు ఈ మాటను ఒకసారి అచ్చు వేయించి చూసుకోవాలి.

చివరికి అమ్మాయి సులువైన దారి పట్టింది. పాఠాన్ని వెబ్ పేజీలా బ్రౌజరులో తెరిచి, అక్కడినుంచే పీడీఎఫ్ తీసింది. ఒక ఫాంటులో అక్షరం లేకపోతే మరో ఫాంటును అడిగి తెచ్చుకునే గుణం బ్రౌజరుకుంది. ఇంగ్లీషుకి ఇంగ్లీషు ఫాంటు, తెలుగుకి తెలుగు ఫాంటు, ఎవరి కుర్చీ వారికి. ఒత్తులూ కుదిరాయి.

మధ్యలో ఎవరో మరో ఉపాయం చెప్పారు, పేజీని ఫొటో తీసి అంటించెయ్యమని. అచ్చం తెలుగులాగే కనిపిస్తుంది నిజమే. కాని అందులో మాట వెతికితే దొరకదు. చూపులేని పిల్లల కోసం కాగితాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఉంటుంది, దానికి అది ఒక బొమ్మ, అంతే. అలాగే అచ్చు పనికి ఎన్నో ఏళ్ళు వాడిన పాత తెలుగు ఫాంట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో పైకి కనిపించేది తెలుగు, లోపల దాగినది ఇంగ్లీషు అక్షరాల అంకెలు. ఆ ఫాంటు తీసెయ్యగానే గందరగోళం బయటపడుతుంది. గడిలో అక్షరం ఉండి కనిపించలేదు. వీటిలో కనిపిస్తూ లేదు. ఈ రెండింటిలో ఏది మేలని నన్నడిగితే గడే మేలంటాను. ఉన్నదాన్ని ఏదో ఒకనాటికి చూపించుకోవచ్చు. లేనిదాన్ని ఎంత అందంగా చూపించినా అవసరానికి అక్కరకు రాదు.

అందుకని మా పిల్ల ఇప్పుడొక అలవాటు పెట్టుకుంది. పాఠం పూర్తవగానే తన కంప్యూటరులో చూసి తృప్తిపడదు. మరొకరి ఫోనులో తెరిచి చూస్తుంది. అందులో ఒక తెలుగు మాట వెతికి చూస్తుంది. ఒక వాక్యం నకలు తీసి మరోచోట అతికించి, అదే వాక్యం వచ్చిందా అని చూస్తుంది. ఇంటికి పిలిచిన చుట్టానికి వడ్డించి ఊరుకోకుండా, కడుపు నిండిందా అని అడగడం వంటిదే ఇదీ.

వ్రాసేవాళ్ళు అక్షరాన్ని తుడిచెయ్యకూడదు. పంపేవాళ్ళు దారిబత్తెం కట్టి పంపాలి. పనిముట్లు చేసేవాళ్ళు, తమ చేతకానితనాన్ని చిట్టాలో దాచకుండా పైకి చెప్పాలి. ఇంక చదివేవాళ్ళం మిగిలాం. మనకూ ఒక పని ఉంది. మీవాళ్ళెవరైనా పంపిన కాగితంలో గళ్ళు కనిపిస్తే, "ఏదో పిచ్చిగా పంపారు" అని పక్కన పడెయ్యకండి. అక్కడ ఎవరో మీతో ఏదో చెప్పారు. ఒక్క ఫోను చేసి, "ఇక్కడ ఏం వ్రాశావమ్మా?" అని అడగండి.